చవితి పందిళ్లలో వాయించే ముందు: రివర్బ్, డిలే జాగ్రత్తలు

వినాయక చవితికి విశాఖ పందిళ్లలో సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) వాయించబోయేవారు రివర్బ్ (హాల్లో మోగినట్టు స్వరం వెంట మిగిలే మోత), డిలే (స్వరం కాస్త ఆగి మళ్లీ మళ్లీ వినిపించడం) వంటి ఎఫెక్టులను మార్చే ముందు ఇవి చూసుకోవాలి.

మార్చబోయే టోన్‌ను (కీబోర్డులో ఎంచుకున్న వాయిద్య ధ్వనిని) మొదట ఖాళీ యూజర్ మెమరీలో వేరే పేరుతో భద్రపరచండి. చాలా కీబోర్డులలో సేవ్ చేయని మార్పులు మరో టోన్ ఎంచుకున్నా, కరెంటు పోయినా చెరిగిపోతాయి. జనరేటర్‌కు మారే రెండు క్షణాల్లో నా సాయంత్రపు శ్రమంతా ఒకసారి అలాగే పోయింది.

డిలే ఫీడ్‌బ్యాక్‌ను, అంటే ప్రతిధ్వని ఎంత మేరకు తిరిగి డిలేలోకే వెళ్లాలన్న మోతాదును, నూరు శాతానికి చేరనివ్వకండి. ప్రతిధ్వని తగ్గడం మాని పెరుగుతూపోతే స్పీకర్లకే ముప్పు కనుక, ఆ మీట తిప్పేటప్పుడు వాల్యూమ్ తగ్గించి ఉంచండి.

డిలే సమయాన్ని ఊహించవద్దు, 60,000ను టెంపోతో (నిమిషానికి వచ్చే బీట్ల సంఖ్యతో) భాగించండి. టెంపో 120 అయితే బీటుకు 500 మిల్లీసెకన్లు, డాటెడ్ ఎయిత్‌కు (ముప్పావు బీటుకు) 375.

రివర్బ్‌ను హెడ్‌ఫోన్స్‌లో విని ఖరారు చేయకండి. కళాభారతి వంటి మూసిన హాలు తన ప్రతిధ్వనిని తానే కలుపుతుంది, బీచ్ రోడ్డు ఆరుబయట వేదికకు ఆ గోడలుండవు. ఒకే సెట్టింగు రెండుచోట్లా నప్పదు.

బాస్ స్వరాలకు రివర్బ్ దాదాపు వద్దు, కింది స్థాయి అంతా మసకబారుతుంది.

మిక్సర్‌లోనూ రివర్బ్ వేశారేమో సౌండ్ వారిని అడగండి. రెండూ కలిస్తే వాయిద్యం గాయకుల మాటలను ముంచేస్తుంది.