దసరా సేల్‌లో లక్కపిడతలు కొనేముందు

పండగకి నాలుగు రోజుల ముందు ఆర్డర్ పెడితే, బొమ్మ బాగోలేదని తిప్పి పంపేలోగా పండగే అయిపోతుంది. పది రోజుల గడువు ఉంచుకోండి. రిటర్న్‌కి ఎన్నాళ్లు ఇస్తారో, డబ్బు వెనక్కిస్తారో లేక బొమ్మనే మార్చిస్తారో కొనకముందే చూసుకోండి.

మూడేళ్ల పిల్లకి వంటాట ఆడుకోవడానికి నాలుగు గిన్నెలు, ఒక గరిటె, ఒక పొయ్యి చాలు. అరవై ముక్కల సెట్ అంటే సగం గోరంత కూరగాయలూ స్టిక్కర్లూ లెక్కకి వచ్చి చేరతాయి. మీట నొక్కగానే కూత పెట్టే కుక్కర్ కూడా దండగే. కూత పిల్ల నోటితో పెట్టుకుంటుంది, ఆట అంటే అదే కదా.

ఫొటోలో గిన్నె పెద్దదిగానే కనిపిస్తుంది. కింద సెంటీమీటర్లలో రాసిన కొలత చదివి, స్కేలు పక్కన పెట్టి ఊహించుకోండి. కొలత రాయని సరుకు వదిలేయండి. రివ్యూల్లో ఒకటి నుంచి మూడు నక్షత్రాలవి, అదీ కొన్నవాళ్లు ఫొటో పెట్టినవి, ముందు చూడండి.

14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. మామూలు బొమ్మకి ఐ.ఎస్. 9873, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేదానికి ఐ.ఎస్. 15644 గుర్తు పైన ఉంటుంది. కింద సి.ఎం./ఎల్. అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. ఆ పేరూ డబ్బా మీది పేరూ ఒకటి కాకపోతే తిప్పి పంపండి. పేజీలో గుర్తు కనిపించినా, ఇంటికొచ్చిన డబ్బా మీద ఉండాలి.

భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ, నమోదైన చేతివృత్తివారి బొమ్మలకీ దీన్నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఆ గుర్తింపు ఉన్న ఏటికొప్పాక లక్కపిడతల మీద ఐ.ఎస్.ఐ. లేదని కంగారుపడక్కర్లేదు. రంగు లక్కదా, మామూలు పెయింటా అని మాత్రం అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. వచ్చాక తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి, రంగు అంటితే నోట్లో పెట్టుకునే వయసు పిల్లకి ఇవ్వొద్దు. వేడినీళ్లతో కడిగితే లక్క మెత్తబడుతుంది, పొడిగుడ్డతో తుడవడమే. కొండపల్లి బొమ్మలు వేరే సంగతి. తెల్లపొణికి కర్రతో చేసిన చేతులూ కాళ్లూ విడివిడిగా మక్కుతో, అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో, అతికించినవి. కొలువులో అందంగా ఉంటాయి, పసిపిల్లల చేతికి కాదు.

డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి, ముక్క తగ్గినా విరిగినా అదే సాక్ష్యం. తర్వాత జామెట్రీ బాక్సులోని కంపాస్‌ని 16 మి.మీ. పెట్టి అట్టముక్క మీద వృత్తం గీసి కత్తిరించండి. ఏ ఒక్క వైపు నుంచైనా సరే, ఆ రంధ్రంలోంచి జారిపోయే పొట్టి ముక్క ఏదైనా మూడేళ్లలోపు పిల్ల గొంతులో ఇరుక్కోగలదు. బంతికి ఇది చాలదు, 44.5 మి.మీ. కంటే పెద్దది కావాలి. బొమ్మ కళ్లూ, బండి చక్రాలూ, కోసే పండ్లకి అంటించిన వెల్‌క్రో ముక్కలూ వేళ్లతో పట్టి లాగి చూడండి. జానెడు మించిన తాడు ఉంటే కత్తిరించండి.

బటన్ బ్యాటరీ ఉన్న మూతకి స్క్రూ లేకపోతే ఆ బొమ్మ వద్దే వద్దు. మింగితే అది ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాల్చేయగలదు. వాంతి చేయించకుండా, ఎక్స్‌రే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. అయస్కాంతాలు రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో పట్టి నొక్కేసి చిల్లు పెడతాయి. నీటిలో ఉబ్బే రంగు పూసలూ ఇంట్లో ఉంచొద్దు.

రాజు, రాణి వేషాల పాలిస్టర్ బట్టలు కొంటే దీపావళి నాడు ప్రమిదల దగ్గర తొడగకండి. అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తాయి.

గుర్తు లేని సరుకు పంపి వెనక్కి తీసుకోనంటే, ఆర్డర్ నంబరూ ఆ వీడియో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.