బోర్డో ఎర్ర వైన్ పరిశీలన – నాలుగవ పాఠం: వగరును చదవడం

గడచిన మూడు పాఠాలలో గ్లాసు పట్టుకునే తీరు, అంచున రంగు చూడటం, వాసన చూడటం నేర్చుకున్నాము. ఈ పాఠంలో వైన్ నోట్లోకి వెళుతుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్ విలువ చాలావరకు దాని వగరులోనే తేలిపోతుందని నా అభిప్రాయం. పరిమళం చూసి మురిసిపోయినవారు కూడా తీర్పు చెప్పడానికి చివరకు ఇక్కడికే రావలసి ఉంటుంది. ఈ విషయంలో తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. వగరును షడ్రుచులలో ఒకటిగా లెక్కపెట్టి, చేదు నుంచి వేరు చేసి చెప్పే మాట మనకు చిన్ననాటి నుంచే నోట ఉంది. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరేదో, వేపపువ్వు చేదేదో విడదీయగల నాలుకకు, వైన్‌లో వగరు పుట్టించే టానిన్ అనే పదార్థం కొత్త సంగతి కాదు.

టానిన్ ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది. కొంత ఓక్ పీపాల చెక్క నుంచి కూడా దిగుతుంది. బోర్డోలో వాడుకలో ఉన్న పీపా 225 లీటర్లది. టానిన్ మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటుంది; దానితో నోటిలోని జారుడుతనం పోయి, నాలుక అంగిలికి, బుగ్గలు చిగుళ్ళకు రాసుకుంటాయి. అందుకే శాస్త్రజ్ఞులు దీనిని రుచి అనకుండా స్పర్శ అంటారు. మన పెద్దలు రుచి అన్నారు. అభ్యాసానికి రెండూ పనికివస్తాయి, కానీ వెతకవలసిన చోటు నాలుక ఒక్కటే కాదని గుర్తుంచుకోవాలి.

ఇక ఈ వగరు ఏ నేల నుంచి వస్తుందో చూద్దాము. గరోన్, దొర్దోన్ నదులు కలిసి జిరోండ్ అనే వెడల్పాటి ముఖద్వారంగా మారి అట్లాంటిక్‌లో కలుస్తాయి. ఎడమ ఒడ్డున మెదోక్ ప్రాంతంలో గులకరాళ్ళ నేల ఉంది. అది నీటిని నిలవనివ్వదు, ఎండ వేడిని దాచుకుంటుంది, కనుక ఆలస్యంగా పండే కాబర్నే సావిన్యాన్ అనే ద్రాక్ష రకం అక్కడ చక్కగా పండుతుంది. ఈ పండు చిన్నది, తొక్క మందం. అందుకే పొయాక్ వంటి ఊళ్ళ వైన్‌లో వగరు నిటారుగా నిలబడుతుంది. కుడి ఒడ్డున సెంట్ ఎమిలియోన్, పొమ్రోల్ ప్రాంతాలలో బంకమట్టి, సున్నపురాయి ఎక్కువ. చల్లగా, చెమ్మగా ఉండే ఆ నేలలో తొందరగా పండే మెర్లో రాణిస్తుంది, దాని వగరు మెత్తన. ఏ రకానికి ఆ రకం విడిగా పులియబెట్టి, ఆ తరువాత పాళ్ళు చూసి కలుపుతారు. ఈ కలిపే పనిని వారు అసాంబ్లాజ్ అంటారు. కాబర్నే ఫ్రాంక్, పెటీ వెర్దో వంటివి కొద్దిపాటిగా చేరతాయి, మన పోపులో మెంతుల వంటివి. సముద్రపు గాలి, వానలు ఏ ఏడు ఏ రకాన్ని దెబ్బతీస్తాయో ముందుగా తెలియదు కాబట్టి, ఈ కలయిక రుచి కోసమే కాక ముందుజాగ్రత్తగా కూడా ఏర్పడింది.

గుక్క పెద్దదిగా ఉండకూడదు, ఒక చెంచాకు కాస్త ఎక్కువ చాలు. పెదవులు సన్నగా తెరచి కొద్దిగా గాలి లోపలికి పీల్చి, వైన్‌ను చిగుళ్ళ మీదికీ బుగ్గల లోపలికీ తిప్పి, పది క్షణాల తరువాత ఉమ్మివేయండి. మింగితే నాలుగో గ్లాసుకు తీర్పు మసకబారుతుంది. ఇప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు: వగరు ఎంత, వగరు ఎటువంటిది. మొదటిది తేలిక. రెండవదే అసలు విద్య. పచ్చి అరటికాయ కొరికితే నోరంతా పట్టేసి, పూత పూసినట్లు వదలదు. జీడిమామిడి పండు గొంతులో గరగరలాడిస్తుంది. బాగా మాగిన నేరేడు పండు నాలుకను పట్టుకుంటుంది, కానీ తీపితో కలిసిపోయి కొద్దిసేపటికి జారిపోతుంది. మూడవది పండిన టానిన్, మనం వెతుకుతున్నది. మొదటి రెండింటిని గుర్తుచేస్తే ద్రాక్ష పక్వానికి రాకముందే కోశారనో, గింజలను అతిగా నలిపారనో అనుమానించవచ్చు. వగరు ఎక్కువగా ఉండటం మాత్రం దోషం కాదు. నేను తొలినాళ్ళలో నోరు పట్టేసిన ప్రతి వైన్‌కూ తక్కువ మార్కులు వేసేవాడిని. అవి లేత వయసు వైన్‌లని, ఏళ్ళ తరబడి నిలవ ఉంచడానికే అలా చేశారని తరువాత గాని బోధపడలేదు.

పులుపు మరో పని చేస్తుంది: వగరు నోటిని ఆరబెడితే పులుపు నీళ్ళూరిస్తుంది. ఉమ్మిన తరువాత దవడల పక్కన నీరు ఎంత ఊరిందో చూస్తే పులుపు కొలత దొరుకుతుంది. ఆల్కహాల్ గొంతు దిగువన వెచ్చదనంగా తెలుస్తుంది. మంటగా తెలిస్తే అది పాళ్ళు మించినట్లే. మన ఇళ్ళలో ముప్పై డిగ్రీల వేడిలో తాగితే ఏ వైన్ అయినా మండుతుంది కనుక, సీసాను ఫ్రిజ్‌లో తగినంతసేపు ఉంచి 16–18 డిగ్రీల దగ్గర పరీక్షించండి. మరీ చల్లబరిస్తే వగరు కరకుగా తోస్తుంది.

ఆ తరువాత రుచి ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టాలి. ఫ్రెంచివారు దీనికి కోదలీ అనే కొలత పెట్టుకున్నారు, ఒక కోదలీ అంటే ఒక సెకను. తోక అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది. లెక్కించవలసింది పండు రుచి నిలిచిన సెకన్లను. పండు వెళ్ళిపోయి ఉత్త వగరు మిగిలితే అక్కడే లెక్క ఆపివేయాలి.

సీసా కొనకముందే చేయదగిన అభ్యాసం ఒకటి ఉంది. పాలు, చక్కెర లేకుండా టీ పొడిని ఒక కప్పులో రెండు నిమిషాలు, మరొక కప్పులో పదిహేను నిమిషాలు నానబెట్టి, వడకట్టి, చల్లార్చి రుచి చూడండి. రెండవ దానిలో చేదు ఎక్కడ ఆగి వగరు ఎక్కడ మొదలవుతుందో పట్టుకోండి. తరువాత అందులోనే రెండు చెంచాల పాలు కలపండి. టానిన్ మన లాలాజలాన్ని వదిలి పాల ప్రోటీన్లను పట్టుకుంటుంది, వగరు తగ్గుతుంది. బోర్డో వైన్ పక్కన మాంసమో జున్నో ఉంచడంలో కిటుకు ఇదే.

రెండవ అభ్యాసానికి ఒకే సంవత్సరపు మెదోక్ సీసా ఒకటి, సెంట్ ఎమిలియోన్ సీసా ఒకటి కావాలి. రెండింటికీ కాగితం చుట్టి, ఇంకొకరిచేత గ్లాసుకు 50 మిల్లీలీటర్ల చొప్పున పోయించుకోండి. కాగితం చాదస్తం కాదు. 2001లో వెలువడిన బోర్డో పరిశోధన ఒకదానిలో, తెల్ల వైన్‌కు వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ విద్యార్థులు 54 మంది దానిని ఎర్ర వైన్ మాటలతోనే వర్ణించారు. కంటికే అంత బలముంటే, లేబుల్ మీది పేరుకు ఎంత ఉంటుందో ఊహించండి. వగరు ఎక్కడ తగిలింది, ఏ పండును గుర్తుచేసింది, ఎన్ని సెకన్లు నిలిచింది అన్న మూడు సంగతులూ రాసిన తరువాతే కాగితం విప్పండి. సీసాలలో మిగిలినదానికి బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక రాత్రి గాలి సోకిన ఆ వైన్‌తోనే ఐదవ పాఠం మొదలవుతుంది.