మిర్చి సీజన్‌లో మాస్కు కింద ముఖం మండకుండా

సంక్రాంతి దాటాక కల్లాల మీద కాయ ఎర్రగా పరుచుకుంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి గుంటూరు యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) వరస కడతాయి. అక్కణ్నుంచి వేసవి సెలవులు ఇచ్చేదాకా హమాలీలకి, ముచ్చికలు (కాయ తొడిమలు) తీసే ఆడవాళ్లకి, తాలు (రంగు పోయిన కాయలు) ఏరేవాళ్లకి, కోల్డ్ స్టోరేజీల్లో మూటలు సర్దేవాళ్లకి ముఖానికి ఏదో ఒకటి అడ్డం లేకుండా పని జరగదు. ఖమ్మంలో అయినా, వరంగల్ ఏనుమాములలో అయినా ఇదే కథ. ఘాటుని ఆపడానికి పెట్టుకున్న ఆ మాస్కే కొన్నాళ్లకి ముక్కు మీద ఎర్రటి గీత, చెంపల మీద మంట, గడ్డం చుట్టూ మొటిమలు తెచ్చిపెడుతుంది. దాంతో విసుగొచ్చి చాలామంది దాన్ని తీసి పక్కన పడేస్తారు. ఆ పని మాత్రం చేయొద్దు. ముఖం మీద మంటకి దారులు ఉన్నాయి. రోజూ కారం ధూళి పీల్చి తెచ్చుకున్న దగ్గు, ఆయాసం అంత తేలిగ్గా వదలవు.

అసలు జరిగేది ఏమిటంటే, మాస్కు లోపల ఊపిరి తడి, చెమట కలిసి చర్మాన్ని నానబెడతాయి. ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు రేకుల షెడ్డు కింద ఇది ఇంకా ఎక్కువ. నానిన చర్మం మీద గుడ్డ అంచు, ముక్కు దగ్గరి తీగ, చెవి ఎలాస్టిక్ పొద్దస్తమానం ఒరుసుకుంటే పైపొర లేచిపోతుంది. మామూలుగా అయితే ఇక్కడితో ఆగుతుంది. మిర్చి పనిలో ఆ లేచిన చోటే కారం పడుతుంది.

టీ వేళ ఒకసారి గమనించండి. ముచ్చికలు తీసిన వేళ్లతోనే మాస్కుని గడ్డం కిందికి లాగుతారు. అప్పటిదాకా గడ్డం కింద, మెడ ముడతల్లో పేరుకున్న కారం మాస్కు లోపలివైపుకి అంటుకుంటుంది. టీ అయ్యాక అదే మాస్కు మళ్లీ పెదాల మీదికి, ముక్కు మీదికి వస్తుంది. అంటే బయట ఉండాల్సిన కారాన్ని మనమే లోపల పెట్టి కట్టుకుంటున్నాం. కాబట్టి ఈ సీజన్‌లో ఒక్కటే మార్చుకోగలిగితే ఇది మార్చుకోండి: మాస్కు ఉంటే ముక్కు మీద ఉండాలి, లేకపోతే పూర్తిగా తీసి కాగితపు కవర్లో ఉండాలి. తీసేటప్పుడు ముందుభాగం ముట్టుకోకుండా చెవుల దగ్గర పట్టుకోండి, అంతకుముందే చేతులు సబ్బుతో కడుక్కోండి. ప్లాస్టిక్ కవర్ అయితే తడి ఆరదు, అది పనికిరాదు.

మాస్కు ఎంచుకోవడంలో మొహమాటం వద్దు. పలచటి సర్జికల్ మాస్కు పక్కల నుంచి ధూళిని లోపలికి రానిస్తుంది. ధూళి పనికి ఎన్95 గానీ, ఐఎస్ 9473 (ఇలాంటి మాస్కులకి మన దేశ ప్రమాణం) గుర్తు ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం గానీ మేలు. కరోనా రోజుల్లో వాల్వ్ మాస్కులు వద్దన్నారు, ఎందుకంటే పెట్టుకున్నవాళ్ల ఊపిరి వడకట్టకుండానే బయటికి పోతుంది. ఇక్కడ మన బాధ కారం లోపలికి రాకూడదనే కదా, వాల్వ్ ఉంటే లోపలి ఉక్క కొంత తగ్గుతుంది. చెవుల వెనక పుండ్లు పడేవాళ్లు తలచుట్టూ పట్టీలు ఉన్న రకం తీసుకోండి. గడ్డం పెంచిన తమ్ముళ్లకి ఒక మాట: ఆ వెంట్రుకల మీద ఎన్95 అతుక్కోదు, డబ్బు దండగ. సీజన్ వరకైనా గీయించుకోండి, కాకపోతే పనికి వచ్చే ముందు కాకుండా రాత్రిపూట. అప్పుడే గీసిన చర్మం మీద చెమట తగిలితే చాలు, మండిపోతుంది.

గుడ్డ మాస్కులు, చున్నీలు వాడేవాళ్లు రోజుకి రెండు మూడు దగ్గర ఉంచుకుని తడిసిన వెంటనే మార్చుకోవాలి. మెత్తటి నూలుదే కావాలి, పాలిస్టర్ చున్నీ చెమట పీల్చదు. ఉతికాక సర్ఫు వాసన రాకుండా రెండు మూడు నీళ్లు జాడించండి, మిగిలిపోయిన పొడి కూడా దురద పెడుతుంది. కారం పట్టిన బట్టల బకెట్లో మాస్కుల్ని నానబెట్టొద్దు, విడిగా ఉతకండి.

పనికి బయల్దేరడానికి అరగంట ముందు వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ పలచగా రాసుకుని ఇంకనివ్వండి. పౌడరు, స్నో, ఫౌండేషన్ ఈ నాలుగు నెలలు పక్కన పెట్టండి. వాజలీన్ మందంగా పూస్తే మొటిమలు వచ్చేవాళ్లకి పెరుగుతాయి, ఎన్95 అంచు కూడా జారుతుంది. నాలుగు గంటలకోసారి పావుగంట మాస్కు తీసి చర్మానికి గాలి తగలనివ్వమని అమెరికా చర్మవైద్యుల సంఘం చెప్పింది. మన ఎండల్లో అంతసేపు ఆగక్కర్లేదు, రెండు గంటలకోసారి తీయండి, కానీ కాయ రాశులకి దూరంగా వెళ్లి తీయండి.

ఇక మంట మొదలైతే. కారంలో మంటపుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్లతో రుద్దితే అది పక్కలకి పాకుతుందంతే. ముందు కొబ్బరినూనో వేరుశనగ నూనో దూదితో మెల్లగా అద్ది తుడిచి, తర్వాత తక్కువ ఘాటున్న సబ్బుతో చల్లటి నీళ్లలో కడగండి. వేడినీళ్లు వద్దు. కళ్లలో పడితే మాత్రం నూనె జోలికి పోకుండా మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. నిమ్మరసం, టూత్‌పేస్టు, సున్నం లాంటివి ఎవరు చెప్పినా వినకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలు కూడా వస్తాయి, తర్వాత నల్లమచ్చలు నెలల తరబడి పోవు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు. అందులో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండో రోజుకే ఎర్రదనం పోతుంది, అందుకే పక్కింటి వదినకి కూడా చెబుతాం. నెలల పాటు ముఖానికి వాడితే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు దట్టంగా వస్తాయి. మానేస్తే ముందుకంటే ఎక్కువ మంట. 2018లో కేంద్రం ఇలాంటి పూత మందులు చాలావాటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని చెప్పింది. చీటీ అడగకుండా ఇచ్చే షాపులు ఇప్పటికీ ఉన్నాయి, మనమే అడగడం మానాలి.

ఒరిపిడి వల్ల వచ్చిన ఎరుపు సెలవు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. అలా తగ్గకుండా సరిగ్గా ఎలాస్టిక్ ఆనే గీతలోనో, తీగ తగిలే చోటో దురదతో పొక్కులు వచ్చి రసి కారుతుంటే అది రబ్బరు, నికెల్ లాంటి వాటికి అలర్జీ కావచ్చు, ముందు మాస్కు రకం మార్చి చూడండి. పసుపు రంగు పొరలు కడుతున్నా, చీము పట్టినా, కళ్లు, పెదాలు వాచినా ఆరోజే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఊపిరి అందకపోతే అది చర్మం సంగతి కాదు, నేరుగా ఆస్పత్రికే. వెళ్లేటప్పుడు వాడుతున్న మాస్కు, రాసుకున్న ట్యూబు రెండూ సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి.