గాలిదుమారాల కాలంలో నెబ్యులా గాజు పలక: జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో వరంగల్, హన్మకొండ వైపు సాయంత్రాలు గాలిదుమారం లేచిందంటే కరెంటు మీద నమ్మకం ఉండదు. అందుకే నెబ్యులా (అంతరిక్షంలోని వాయువుల, ధూళి మేఘం) బొమ్మతో గాజు పలక చేసేవాళ్లు ఈ రోజుల్లో కిల్న్ (గాజును కరిగించి అతికించే కరెంటు కొలిమి) తెల్లవారుజామున 5 గంటలకే వేయండి.

లెక్క చూడండి. 3 మి.మీ. పలకలు రెండు పేర్చిన సీఓఈ 90 గాజును (సీఓఈ అంటే వేడికి గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె) గంటకు 200 డిగ్రీల చొప్పున 670 సెల్సియస్‌కు ఎక్కించి, పొరల మధ్య గాలి పోవడానికి అరగంట ఆపాలి. 805 దగ్గర 10 నిమిషాలు. తర్వాత 482కు దించి గంట నిలిపి, గంటకు 80 చొప్పున 370కి తేవాలి. ఇదంతా ఎనిమిది తొమ్మిది గంటల పని. మధ్యాహ్నం 2 దాటాక కరెంటు పోయినా భయం లేదు.

ముందే పోతే? మూత ఎత్తొద్దు. 482 దగ్గర నిలవని గాజులో ఒత్తిడి ఉండిపోయి, గోడకు తగిలించిన ఎన్నాళ్లకో పగలొచ్చు. పూర్తిగా చల్లారాక గంటకు 100 చొప్పున 520 దాకా ఎక్కించి, 482 దగ్గర మళ్లీ గంట ఆపండి. కరెంటు రాగానే కిల్న్ వేడిని నడిపే కంట్రోలర్ ఎక్కడ మొదలుపెడుతుందో ఖాళీ కిల్న్‌తో ముందే చూసుకోవాలి. 3 కిలోవాట్ల కిల్న్ 13 ఆంపియర్ల దాకా లాగుతుంది, మామూలు ఇంటి ఇన్వర్టర్ మోయలేదు.

కూలర్ గాలి కిల్న్ మీదికి రానీయకండి. కిల్న్ 40కి దిగాకే మూత తీయాలంటారు కానీ, గదే 42 డిగ్రీలుంటే అది 40కి ఎలా దిగుతుంది? 50 చూపించాక మూత తీస్తే చాలు. నక్షత్రాలకు గాజు పొడి జల్లేటప్పుడు కూలర్, ఫ్యాన్ రెండూ ఆపి ఎన్95 మాస్కు కట్టుకోండి. ఉక్కపోస్తుంది, నిజమే, కానీ ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి.

ఇక రంగులు. నెబ్యులాలో హైడ్రోజన్ ఎరుపు, ఆక్సిజన్ నీలి ఆకుపచ్చ పక్కపక్కనే కనిపిస్తాయి. గాజులో ఆ జంటే చిక్కు. సెలీనియం, గంధకం ఉన్న ఎరుపు, పసుపు గాజులు రాగి ఉన్న నీలి ఆకుపచ్చను తాకితే, కలిసిన చోట గోధుమ, నల్ల గీత పడుతుంది. మధ్యలో పారదర్శక గాజు పొర వేయండి. నల్ల అడుగుపలక కొరత పడిందని కిటికీ అద్దం ముక్క మాత్రం కలపొద్దు. రెండింటి వ్యాకోచం వేరు, ఎంత నెమ్మదిగా చల్లార్చినా పగులుతుంది.