ప్రపంచ చరిత్రను ఒక్క యూరప్ వైపు నుంచే కాకుండా ఎలా బోధించాలి?

మనం చదువుకున్న సోషల్ పుస్తకాల్లో ప్రపంచ చరిత్ర చాలావరకు ఒకే దారిలో నడిచింది. గ్రీకులు, రోమన్లు, చీకటి యుగం, పునరుజ్జీవనం, కొలంబస్, పారిశ్రామిక విప్లవం, రెండు యుద్ధాలు. ఆసియా, ఆఫ్రికా, అమెరికా జనం యూరప్ ఓడ తమ రేవుకు వచ్చినప్పుడే కథలో కనిపిస్తారు. ఓడ వెళ్లిపోతే వాళ్లూ మాయమైపోతారు.

దీన్ని సరిచేయాలని చాలామంది టీచర్లకు ఉంటుంది. మామూలుగా చేసేదేమిటంటే చైనా మీద ఒక పీరియడ్, ఆఫ్రికా మీద ఇంకో పీరియడ్ అదనంగా కలపడం. దానివల్ల సిలబస్ పెరుగుతుంది, పిల్లలు బట్టీ పట్టాల్సిన పేర్లు పెరుగుతాయి. పాఠం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. కొత్త దేశాలు కలపడం కంటే ఒక వస్తువును పట్టుకుని, అది ఎక్కడెక్కడికి వెళ్లిందో, దారిలో ఎవరి బతుకు ఎలా మారిందో చెప్పడం మేలని నా గట్టి నమ్మకం. ఇక్కడ మచిలీపట్నం అద్దకం గుడ్డను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలకు ఐదారు పీరియడ్లలో చెప్పొచ్చు. సముద్ర మార్గాలు, వలస పాలన, పారిశ్రామిక విప్లవం పాఠాలు వచ్చినప్పుడు చెప్తే సిలబస్ వెనకబడుతుందన్న టెన్షన్ కూడా ఉండదు.

1. ముందు మ్యాపు సంగతి తేల్చండి

క్లాసు గోడ మీద ఉండే మ్యాపుల్లో చాలావాటిలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. మన దేశం కూడా గ్రీన్‌లాండ్ కంటే పెద్దదే. 1569లో మెర్కేటర్ అనే పటాల తయారీదారు ఈ మ్యాపు గీసే పద్ధతిని నావికుల కోసం తయారుచేశాడు. దిక్కు తప్పకుండా ఓడ నడపడానికి బాగా పనికొస్తుంది, విస్తీర్ణాలు పోల్చడానికి పనికిరాదు. ఈ మాట పిల్లలకు చెప్పి, గ్లోబు చేతికివ్వండి. హిందూ మహాసముద్రం తమవైపు ఉండేలా తిప్పి, దాని ఒడ్డున ఉన్న ప్రాంతాల పేర్లు చదవమనండి: తూర్పు ఆఫ్రికా, అరేబియా, పర్షియా, మన తీరం, సుమత్రా, జావా. యూరప్ అంచుకు జరిగిపోతుంది. 1154లో అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ పండితుడు సిసిలీ రాజు కోసం గీసిన ప్రపంచ పటంలో దక్షిణం పైన ఉంటుంది. దాన్ని ఫోన్‌లో చూపిస్తే ఇంకా మంచిది.

రుతుపవనాల గురించి ఇక్కడే రెండు మాటలు చెప్పండి. నైరుతి గాలితో వచ్చిన ఓడ ఈశాన్య గాలి మొదలయ్యేదాకా తిరిగి వెళ్లలేదు. నెలల తరబడి పరాయి రేవులో ఉండాలి. దాంతో అక్కడ ఇళ్లు కట్టుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, గుడులూ మసీదులూ కట్టుకున్నారు.

2. వస్తువును, దాంతోపాటు ఒక ప్రశ్నను ఎంచుకోండి

మీ ఊరికి దగ్గరగా ఉన్న వస్తువైతే పిల్లలు తొందరగా అందుకుంటారు. గుంటూరు వైపు మిరపకాయ ఉంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కాయ పోర్చుగీసువాళ్ల ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి చేరింది. నిజామాబాద్, నిర్మల్ వైపైతే కోనసముద్రం ఉక్కు. దానికోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. కాకినాడ దగ్గరైతే చక్కెర. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు కూలీలను తీసుకెళ్లిన రేవుల్లో కోరంగి ఒకటి.

వస్తువు ఒక్కటే ఉంటే అది జనరల్ నాలెడ్జ్ క్లాసు అయిపోతుంది. దానికి ఒక ప్రశ్న తోడవ్వాలి. అద్దకం గుడ్డకు నేను అడిగేది ఇది: 1600 ప్రాంతంలో ప్రపంచమంతా మన తీరం గుడ్డ కోసం వచ్చింది కదా, 1850 నాటికి మాంచెస్టర్ గుడ్డ మన సంతలకు ఎలా వచ్చింది? దీనికి ఒక్క వాక్యంలో జవాబు లేదు. అందుకే ఐదు పీరియడ్లు నిలబడుతుంది.

3. మోటుపల్లి: రెండు ఆధారాలను పక్కపక్కన పెట్టండి

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. దీనికి ఒక పీరియడ్ మొత్తం ఇవ్వండి.

మొదటి ఆధారం కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం. సంవత్సరం 1244. తుపానుకు కొట్టుకొచ్చి పగిలిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారని, తాము అలా చేయబోమని, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని అందులో ఉంది. సుంకం ముప్ఫయ్యో వంతు. ఆ తర్వాత సరుకుల జాబితా వస్తుంది: గంధం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు నూలు, పగడాలు, మిరియాలు, వక్కలు, ఇంకా కొన్ని.

జాబితాను చీటీల మీద రాసి పిల్లలకు పంచండి. ఒక్కో సరుకు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించి మ్యాపు మీద అంటించమనండి. పన్నీరు పర్షియా వైపుకు వెళ్తుంది, పగడాలు మధ్యధరా సముద్రం దాకా పోతాయి, కర్పూరం చైనా, సుమత్రాల దగ్గర ఆగుతుంది. మొదటి పోర్చుగీసు ఓడ మన దేశానికి రావడానికి రెండున్నర శతాబ్దాల ముందే ఒక చిన్న తెలుగు రేవులో ఇదంతా ఉందని పిల్లలు తమ చేతులతో తామే తెలుసుకుంటారు. జాబితాలో లేనిదాని గురించి కూడా అడగండి. మిరియాలు ఉన్నాయి, మిరపకాయ ఎందుకు లేదు? ఒక్కరైనా కారణం చెప్తారు. మిరపకాయ అప్పటికి అట్లాంటిక్ దాటనే లేదు.

రెండో ఆధారం వెనిస్ యాత్రికుడు మార్కో పోలో. 1298 ప్రాంతంలో జెనోవా చెరసాలలో ఉండగా తన ప్రయాణాలను చెప్పి రాయించాడు. మోటుపల్లి రాజ్యం గురించీ చెప్పాడు. అక్కడి గుడ్డ సాలెగూడు అంత సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. భర్త పోయాక రాజ్యం ఏలుతున్న రాణి ఎంతో న్యాయంగా పాలిస్తోందన్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు చెప్తారు, కానీ ఆమెకు రాజ్యం తండ్రి గణపతిదేవుడి నుంచి వచ్చింది, భర్త నుంచి కాదు. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటికి అంటుకున్న వజ్రాలతో పైకి తెస్తాయని కూడా అతను చెప్పాడు. అరబ్బు నావికుల కథల్లోనూ ఇదే ముచ్చట ఉంది.

ఇప్పుడు పిల్లల్ని అడగాల్సినవి: పోలో చెప్పినవాటిలో ఏది నమ్ముతారు, ఏది నమ్మరు, ఎందుకు? శాసనాన్ని మాత్రం పూర్తిగా నమ్మొచ్చా? రాజు తన గొప్ప తాను చెప్పుకోడా? విదేశీ యాత్రికుడు రాశాడు కాబట్టి నిజమనీ, మన రాజు చెక్కించాడు కాబట్టి నిజమనీ రెండు రకాల అలవాట్లు మనలో ఉన్నాయి. రెండూ ఒకేసారి వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి జత దొరకదు.

4. గుడ్డ వెంట వెళ్లండి

మచిలీపట్నం దగ్గరి పెడనలో ఇప్పటికీ అచ్చులతో అద్దే కలంకారీ గుడ్డ ముక్క ఒకటి క్లాసుకు తీసుకెళ్లండి. అది ఎలా తయారవుతుందో చెప్పండి. గుడ్డను కరక్కాయ కలిపిన గేదె పాలల్లో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి నలుపు తీస్తారు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు. తర్వాత వేర్లతో మరిగించినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. పాతకాలంలో ఆ ఎరుపు చిరివేరుది. ఉతికినా పోని రంగు అది. అప్పట్లో యూరప్‌లో అద్దిన బట్టల రంగు ఉతికితే నిలిచేది కాదు. ఇంత గిరాకీ ఎందుకో పిల్లలకు ఇక వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత మ్యాపు మీద దారం కట్టండి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నం చేరారు. వాళ్లకు అసలు కావాల్సింది ఇండోనేషియా దీవుల జాజికాయ, లవంగం. ఆ దీవులవాళ్లు యూరప్ సరుకును పెద్దగా పట్టించుకోలేదు, మన తీరం గుడ్డ అడిగారు. గుడ్డ కొనాలంటే వెండి కావాలి. అప్పట్లో యూరప్‌కు వచ్చే వెండిలో పెద్ద భాగం అమెరికా ఖండానిది. ఇప్పటి బొలీవియాలోని పొటోసి కొండను అక్కడి మూలవాసుల చేత బలవంతపు చాకిరీతో తవ్వించేవారు. అంటే దారం ఇప్పుడు పొటోసి, ఆమ్‌స్టర్‌డామ్, మచిలీపట్నం, జాజికాయ పండే బాందా దీవులను కలుపుతుంది.

బాందా దగ్గర ఆగండి. జాజికాయ మొత్తం తమ చేతిలోనే ఉండాలని 1621లో డచ్చి కంపెనీ ఆ దీవుల మీద దాడి చేసింది. అక్కడి జనంలో చాలామంది చనిపోయారు, మిగిలినవాళ్లలో చాలామందిని బానిసలుగా తీసుకెళ్లారు. 18వ శతాబ్దంలో మన దేశపు నూలు గుడ్డలను పశ్చిమ ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి కూడా వాడారు. ఇది చెప్పడం కష్టమే. అయినా దాటవేయకండి. మన గుడ్డ ప్రపంచమంతా వెళ్లిందని గర్వపడే పాఠంగా ఆపేస్తే సగమే చెప్పినట్టు.

ఇంగ్లండ్ వైపు కూడా అంతే శ్రద్ధగా చూపించాలి. మన అద్దకాల వల్ల లండన్ పట్టు, ఉన్ని నేతగాళ్ల పని పోయింది. 1719లో వాళ్లు వీధుల్లో అద్దకం బట్టలు కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి ఆ బట్టలు చించారు. ఫ్రాన్స్ 1686లోనే అద్దకాలను నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతి మీద, 1721లో కట్టుకోవడం మీద చట్టాలు చేసింది. మాంచెస్టర్ ఉన్న లాంకషైర్ ప్రాంతంలో పత్తి పరిశ్రమ ఎదగడానికి ఈ చట్టాలు సాయపడ్డాయని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. నూరేళ్ల తర్వాత అదే భయం మన నేతగాళ్ల ఇళ్లలోకి వచ్చింది. అప్పుడు వాళ్లను కాపాడే చట్టం చేయడానికి ఇక్కడ సొంత ప్రభుత్వం లేదు. లండన్ నేతగాడినీ మచిలీపట్నం నేతగాడినీ పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరి తరఫునా ఉత్తరాలు రాయించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1742లో కోర్దూ అనే ఫ్రెంచి పాద్రీ కోరమాండల్ (మన తూర్పు) తీరంలో అద్దకం పనివాళ్లను అడిగి, రంగులు వేసే పద్ధతి మొత్తం ఉత్తరంలో రాసి పంపాడు. తెలుగు నేర్చుకుని నిఘంటువు కూడా కూర్చినవాడు ఆయన. 1760లో పారిస్ దగ్గర జూయీలో పెద్ద అద్దకం కార్ఖానా వచ్చింది. పారిశ్రామిక విప్లవం అనగానే ఆవిరి యంత్రం ఒక్కటే చెప్తాం. యూరప్ ఆసియా దగ్గర నేర్చుకున్న పనితనం కూడా ఆ పాఠంలో ఉండాలి.

ఇక 1861–65 అమెరికా అంతర్యుద్ధాన్ని పది నిమిషాల్లో ముగించొచ్చు. బానిసలు పండించే పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి, మన దేశంలో, ఈజిప్టులో పత్తి ధర ఆకాశానికెక్కింది. యుద్ధం అయిపోగానే కుప్పకూలింది.

5. ఒకే కాలాన్ని అడ్డంగా కోసి చూపించండి

బోర్డు మీద 1323–1325 అని రాయండి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైంది. 1324లో పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ రాజు మన్సా మూసా మక్కాకు వెళ్తూ కైరోలో పంచిన బంగారం గురించి జనం ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 1325లో ఇబ్న్ బతూతా అనే యాత్రికుడు మొరాకోలో బయల్దేరాడు. ఓరుగల్లును పట్టిన సేనలకు నాయకుడైన ఉలుగ్ ఖాన్ అదే ఏడాది మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కాడు. తర్వాత ఇబ్న్ బతూతా ఆయన కొలువులోనే ఖాజీగా చేశాడు, చివరికి మాలీని కూడా చూశాడు. విడివిడి పాఠాల్లో ఉండే ఈ మనుషులంతా ఒకే కాలంవాళ్లని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. దీనికి ఇరవై నిమిషాలు చాలు.

6. యుద్ధాల పాఠంలో తేదీలు ప్రశ్నించనివ్వండి

రెండో ప్రపంచ యుద్ధం 1939 సెప్టెంబర్ 1న మొదలైందని రాయిస్తాం. చైనావాళ్లకు అది 1937 జూలైలోనే ఇంటి ముందుకొచ్చింది. మన తీరంలో 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. అదే ఏడాది రంగం (బర్మాలోని రంగూన్) నుంచి వేలాదిమంది తెలుగువాళ్లు పారిపోయి వచ్చారు, చాలామంది నడిచే వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ‘మా తాత రంగంలో ఉండేవాడు’ అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక పేజీ రాసుకురమ్మనండి. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టుగా ఇదే ఇవ్వొచ్చు.

7. గొప్పల దగ్గర జాగ్రత్త

యూరప్‌ను మధ్యలోంచి తీసి, అక్కడ మనల్ని కూర్చోబెడితే మారిందేమీ లేదు. ‘అన్నీ మనవాళ్లే ముందు కనిపెట్టారు’ అని ఏ పిల్లాడైనా అంటే గద్దించకండి. ఆధారం ఏమిటని అడగండి, మోటుపల్లి క్లాసులో అడిగినట్టే.

8. పరీక్షలో కూడా ఇదే అడగండి

పాఠం ఒకలా చెప్పి, ప్రశ్న మాత్రం ‘1721 చట్టం గురించి రాయుము’ అని ఇస్తే పిల్లలు మళ్లీ గైడ్ తెరుస్తారు. ఇలా అడగండి: ‘1721 చట్టం వల్ల లండన్ నేతగాడికి, మచిలీపట్నం అద్దకం పనివాడికి, లాంకషైర్ మిల్లు యజమానికి ఏం జరిగింది? వీళ్లలో ఎవరి మాట మనకు రాతలో ఎక్కువ దొరుకుతుంది, ఎవరిది దొరకదు?’ ఎనిమిది మార్కులైతే ముగ్గురికీ రెండేసి, చివరి భాగానికి రెండు వేయండి. ఆ చివరి భాగానికి జవాబు ఎలా ఉన్నా, కారణం చెప్పినవాళ్లకు పూర్తి మార్కులివ్వండి.