మిలీషియా పత్రం చదవడం – 3వ పాఠం: నావూ లీజియన్ ఎవరి చేతిలో ఉంది?

రెండో పాఠంలో 1838 నాటి అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం చూశాం. మార్మన్లను (జోసెఫ్ స్మిత్ స్థాపించిన మత సమాజం వాళ్లను) రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలి, లేదా తుడిచిపెట్టాలి అని గవర్నర్ బాగ్స్ అక్టోబరు 27న ఉత్తర్వు ఇచ్చాడు. మూడు రోజులకు హాన్స్ మిల్ అనే మార్మన్ల ఊరి దగ్గర 17 మంది హతమయ్యారు. కాపాడాల్సిన రాష్ట్ర మిలీషియాయే (పౌరులతో కూర్చిన సైనిక దళమే) మీదికొచ్చింది గనుక, ఇల్లినాయ్‌లో మిసిసిపి ఒడ్డున నావూ పట్నం కట్టుకుంటూ వాళ్లు సొంత దళం కోరుకున్నారు. అదే నావూ లీజియన్.

ఈసారి మన ముందున్న పత్రం నావూ నగర చార్టర్, అంటే నగరానికి అధికారాలిచ్చిన రాష్ట్ర చట్టం. దాని మీద ఇల్లినాయ్ గవర్నర్ కార్లిన్ 1840 డిసెంబరు 16న సంతకం చేశాడు. మనకు కావాల్సింది లీజియన్ గురించి చెప్పే 25వ సెక్షన్. ఈ దళం మీద పడ్డ ‘మతసైన్యం’ అన్న ముద్రను కాసేపు పక్కన పెట్టండి. పెన్సిల్ తీసుకుని, ఎవరు ఏర్పాటు చేస్తారు, ఎవరు నియమిస్తారు, ఎవరు వాడుకోవచ్చు అన్నచోటల్లా గీత గీయండి.

ఏర్పాటు చేసేది నగర కౌన్సిల్. చేరేది సైనిక సేవకు అర్హులైన నగరవాసులు. చర్చి ఊసే లేదు. అధికారులకు కమిషన్ (సైనిక నియామక పత్రం) ఇచ్చేది గవర్నర్. నిబంధనలు మాత్రం ఆ అధికారుల సభే రాసుకుంటుంది. రాష్ట్ర, దేశ రాజ్యాంగాలకు విరుద్ధంగా ఉండకూడదన్నదే దానికి హద్దు. ఇంత స్వేచ్ఛ మామూలు మిలీషియాకు ఉండదు, ఇక్కడ రెండు గీతలు పడాలి.

ప్రభుత్వ ఆయుధాల్లో దళానికి వాటా ఉందని కూడా రాసి ఉంది. చాలామంది తడబడేది ఇక్కడే. రాష్ట్రం ఇచ్చిన తుపాకులు లెక్కపెట్టి అదే దళం బలమనుకుంటారు. కానీ 1792 ఫెడరల్ (దేశ) చట్టం ప్రకారం 18 నుంచి 45 ఏళ్ల లోపు తెల్లజాతి పురుషుడు మస్కెట్ (పొడవాటి తుపాకీ), బాయ్‌నెట్ (దాని మొనకు తగిలించే కత్తి), రెండు అదనపు చెకుముకి రాళ్లు, 24 తూటాలు పట్టే పెట్టె, వీపుసంచి సొంతంగా సమకూర్చుకోవాలి. రైఫిల్ ఉన్నవాడైతే 20 గుళ్లు, పావు పౌండు తుపాకీమందు తెచ్చుకోవాలి. మనుషుల లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది: పుస్తకాల్లో 2,500 నుంచి 5,000 దాకా కనిపిస్తుంది. ఆ అంకె ఏ ఏడాదిది, పేర్ల పట్టీ నుంచి తీసిందా, కవాతు చూసినవాళ్ల అంచనానా అని తేలాకే వాడండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం. నగర, రాష్ట్ర చట్టాల అమలుకు దళం మేయర్ చేతిలో ఉంటుంది. ప్రజారక్షణకు, రాష్ట్ర, దేశ చట్టాల అమలుకు గవర్నర్ చేతిలో ఉంటుంది. ఇద్దరి మాటా కలవకపోతే ఎవరిది చెల్లుతుందో ఆ సెక్షన్ చెప్పదు. 1841లో మేయర్ జాన్ సి. బెనెట్, లీజియన్ లెఫ్టినెంట్ జనరల్ జోసెఫ్ స్మిత్. అప్పటి అమెరికా సైన్యంలో ఆ హోదా ఎవరికీ లేదు. 1842 మేలో బెనెట్ తప్పుకోగానే స్మిత్ మేయరయ్యాడు. దళాన్ని పిలిచేవాడూ నడిపేవాడూ ఒక్కడే, ఆయనే ఆ సమాజానికి ప్రవక్త. చార్టర్‌లో ఒక్క అక్షరం మారకుండానే దాని అర్థం మారిపోయింది. అందుకే పత్రం పక్కన పదవుల పట్టిక, తేదీలతో సహా, తప్పక పెట్టుకోవాలి.

ఆ పట్టిక పెట్టుకుని 1844 జూన్ చదవండి. 10న స్మిత్‌ను విమర్శించిన ఎక్స్‌పోజిటర్ పత్రిక ముద్రణాలయం నగర కౌన్సిల్ ఆదేశంతో ధ్వంసం. 18న మేయర్ హోదాలో స్మిత్ సైనిక శాసనం (మార్షల్ లా) ప్రకటించి లీజియన్‌ను రప్పించాడు. గవర్నర్ ఫోర్డ్ రాష్ట్ర ఆయుధాలు వెనక్కి ఇవ్వమన్నాడు, ఇచ్చేశారు. లీజియన్‌ను రప్పించినందుకే స్మిత్ మీద రాజద్రోహ నేరం మోపారు. 27న కార్తేజ్ జైల్లో గుంపు ఆయన్నీ, అన్న హైరమ్‌నీ చంపింది. 1845 జనవరిలో శాసనసభ చార్టర్‌నే రద్దు చేసింది.

అభ్యాసం: మార్మన్లు తర్వాత వెళ్లి స్థిరపడిన యూటాలో ఇదే పేరుతో నడిచిన దళానికి 1857 పదవుల పట్టిక తయారుచేయండి. దళపతి డేనియల్ వెల్స్, గవర్నర్ బ్రిగమ్ యంగ్, చర్చి అధ్యక్షుడూ ఆయనే. యూటాలోని మౌంటెన్ మెడోస్‌లో స్థానిక మిలీషియా మనుషులు దాదాపు 120 మంది వలసదారులను చంపింది సెప్టెంబరు 11న. యంగ్ సైనిక శాసన ప్రకటన వెలువడింది 15న, దాని మీద వేసిన తేదీ మాత్రం ఆగస్టు 5. మూడు తేదీలనూ విడివిడి గడుల్లో రాసి ఉంచుకోండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.