చిన్న స్వచ్ఛంద సంస్థలో ప్రజా సంబంధాల బాధ్యత ఎవరికి? – నా అనుభవం

విలేకరి ఫోన్ చేస్తే ఎవరు మాట్లాడాలో మా సంస్థలో ఎవరికీ తెలిసేది కాదు. ఈ పనికి బయటి ఏజెన్సీని, విద్యార్థి వాలంటీర్లను పెట్టి చూశాము, కార్యదర్శికి అదనపు బాధ్యతగానూ ఇచ్చాము; ఏవీ నిలవలేదు.

దాంతో ముందుగా కొంతకాలం ప్రజా సంబంధాలకు చెందిన ప్రతి పనినీ పుస్తకంలో రాయించగా, అధికభాగం క్షేత్ర సమాచారాన్ని సరిచూసి సాయంత్రంలోగా పత్రికలకు పంపడమేనని తేలింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ ప్రకారం విదేశీ విరాళాలలో పాలనా వ్యయం 20 శాతం మించరాదు కనుక, ఆడిటర్‌ను సంప్రదించి ఈ పని చేసేవారి జీతాన్ని స్థానిక విరాళాల నుంచి కేటాయించాము. ఆపైన, గ్రామాలను బాగా ఎరిగిన మా కార్యకర్తకు సగం పూట ఈ బాధ్యత ఇచ్చి, ఆమె పాత పనిలో సగాన్ని మరొకరికి రాతపూర్వకంగా అప్పగించాము. అసలు ఫలితం ఈ అప్పగింత వల్లనే వచ్చిందని నా నమ్మకం. వార్షిక నివేదిక రూపకల్పన మాత్రం బయటివారిదే.

ఒకటి రెండు జిల్లాలలో పనిచేసే సంస్థలకు ఇది సరిపోవచ్చు; అనేక రాష్ట్రాలలో పనిచేసేవారికి పూర్తికాలపు మనిషి అవసరం కావచ్చు.